సైకిలు మానమనే వారే గాని కంప్యూటరు మానమనే వారు లేరు

పాప పుట్టిన దగ్గర నుంచి నాకు అందిన సలహాలన్నిటిలోకీ ఎక్కువసార్లు విన్నది సైకిలు గురించిన సలహా. “తండ్రివయ్యావు, ఇంకా ఆ సైకిలేమిటి?” అని బంధువులు అన్నారు, పక్క వాటావాళ్ళు అన్నారు, ఆఫీసులో నాకన్నా వయసులో చిన్నవాళ్ళు కూడా అన్నారు. బారసాల నాడు మా మావయ్య అందరి ఎదుటా, “దాన్ని ఎవరికైనా ఇచ్చేసి ఒక కారు చూసుకోరా” అని తేల్చి చెప్పారు. అవన్నీ మా మంచి కోరి చెప్పిన మాటలు కాబట్టి తేలికగా తీసేయలేదు. ఒక్కొక్క మాటనూ మనసులో పెట్టుకుని, అందులో నిజమెంత ఉందో, అలవాటుగా వచ్చినదెంత ఉందో చూసుకుంటూ వచ్చాను.

నాకు తేలినది ఇది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో తండ్రికి సమయం చాలదన్నది నిజం, ఏదో ఒకటి తగ్గించుకోక తప్పదన్నదీ నిజం. అయితే నా బోటి సాఫ్ట్‌వేరు ఉద్యోగి విషయంలో బిడ్డ దగ్గర గడపవలసిన గంటలను ఎక్కువగా తినేస్తున్నది కంప్యూటరు. జీతం తెచ్చిపెట్టే కంప్యూటరు జోలికి నేను పోవడం లేదు, అది లేకపోతే ఇల్లు గడవదు. జీతానికి పని చేసే గంటలు ముగిసిన తరువాత కూడా మూతపడకుండా, భోజనాల బల్ల మీద ఒక మూల వెలుగుతూ ఉండే కంప్యూటరు గురించి అంటున్నాను. సైకిలు మానమని చెప్పినవారు ఇందరున్నారు గాని, దాన్ని మూసేయమని నాకు ఒక్కరూ చెప్పలేదు.

సరదా పద్దు, పని పద్దు

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఇంటి లెక్కల్లో సైకిలును సరదా పద్దులో రాస్తారు, కంప్యూటరును పని పద్దులో రాస్తారు. ఒకసారి పద్దు రాసేశాక లోపల ఏముందో ఎవరూ విప్పి చూడరు. నా లెక్క విప్పితే ఇలా ఉంటుంది.

మా ఇల్లు విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీలో, ఆఫీసు రుషికొండలో కొండ మీద. అప్పూఘర్ దగ్గర బీచ్ రోడ్డు ఎక్కి, తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్ మీదుగా పోతే పది కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. హనుమంతవాక, ఎండాడ మీదుగా జాతీయ రహదారి కూడా ఉంది గాని ఆ ఎత్తులో లారీల పక్కన తొక్కడం నాకు ఏనాడూ ఇష్టం లేదు. బీచ్ రోడ్డులో కష్టమంతా గాలిదే. ఎండాకాలంలో నైరుతి గాలి పొద్దున్న వెళ్ళేటప్పుడు వీపు మీద చెయ్యి వేసి తోస్తుంది, సాయంత్రం వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది. అక్టోబరు దాటి ఈశాన్య గాలి మొదలైతే ఇది తలకిందులవుతుంది. మొత్తం మీద రాకపోకలకు మోటారు సైకిలు కన్నా నాకు రోజుకు అరగంట పైగానే ఎక్కువ పడుతుంది. సైకిలు మీద వేయదగిన నేరం ఈ అరగంట.

దీనికి బదులుగా వచ్చేదేమిటో కూడా అదే పేజీలో రాయాలి కదా. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఉంది. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగంలో ఆ నిమిషాలను ఎక్కడో ఒకచోట నుంచి తేవాలి. నాతోపాటు పనిచేసే వాళ్ళలో కొందరు ఆఫీసు నుంచి బండి మీద ఇంటికి వచ్చి, మళ్ళీ జిమ్‌కు వెళ్ళి, అక్కడ కదలని సైకిలు తొక్కి వస్తారు. వాళ్ళలో పిల్లల తండ్రులు కూడా ఉన్నారు. ఆ గంటను ఎవరూ సరదా అనరు, ఆరోగ్యం అంటారు. నా దారిలో ప్రయాణం, వ్యాయామం ఒకటే గంటలో ముగుస్తాయి కాబట్టి ఆ అరగంట నష్టం నిజానికి నష్టం కాదని, కొంత మిగులేనని నా నమ్మకం.

సైకిలు చేసే ఇంటిపని ఇంకా ఎక్కువ. మా ఆవిడ బాలింత పత్యంలో ఉన్న రోజుల్లో అత్తయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. పొద్దున్నే బీరకాయలు, పొట్లకాయ, తోటకూర లేతవి కావాలనేవారు. ఎంవీపీ రైతు బజారులో ఎనిమిది దాటితే లేత కూర దొరకదు, మోటారు బండి నిలపడానికి చోటూ దొరకదు. సైకిలును మాత్రం గేటు పక్క గోడకు చేరవేసి, వెనక క్యారియరు మీద సంచీని పాత ట్యూబు ముక్కతో బిగించి, బీరకాయలు పైకి కనబడేలా పెట్టుకుని పావుగంటలో ఇల్లు చేరవచ్చు. మందుల షాపు, పాల బూత్, డైపర్లు, రాత్రి పూట ఉన్నట్టుండి కావలసి వచ్చిన జ్వరం చుక్కల మందు, ఇవన్నీ సైకిలు తెచ్చినవే. ఇంట్లో ఉన్న వస్తువులన్నిటిలోకీ పాప పుట్టాక ఎక్కువ పనికి వచ్చినది ఏదని అడిగితే నేను దీన్నే చూపిస్తాను.

మరి కంప్యూటరు పద్దు? సాయంత్రం ఆరున్నరకు ఇంటికి వచ్చి, స్నానం చేసి, పాపను ఒక గంట ఎత్తుకునేసరికి అమెరికావాళ్ళతో సమావేశానికి వేళవుతుంది. అది పని, దాని సంగతి తరువాత చెబుతాను. సమావేశం ముగిసిన తరువాతి గంట మాటేమిటి? కంప్యూటరు తెరిచే ఉంది కదా అని ఫోటోలు సర్దడం, పాప ఒకే చిరునవ్వు నవ్వినప్పుడు తీసిన పాతిక ఫోటోల్లో ఏది ఉంచాలో చూడడం, ఉయ్యాల కొనాలంటే ఇరవై రకాల ఉయ్యాలల గురించి ముక్కూమొహం తెలియని వాళ్ళు రాసిన అభిప్రాయాలు చదవడం, అక్కడి నుంచి ఎక్కడికో పోవడం. ఇవేవీ జీతం తేవు, బిడ్డకు పాలు పట్టవు. అయినా బయటి నుంచి చూసేవారికి అది పనిలాగే కనిపిస్తుంది. తెర ముందు కూర్చున్న మగవాణ్ణి మన ఇళ్ళలో ఎవరూ కదిలించరు. “పని చేసుకుంటున్నాడు, పిలవకు” అని అత్తయ్య ఒకటి రెండుసార్లు మా ఆవిడతో అనగా నేనే విన్నాను. సైకిలు తాళం చేత్తో పట్టుకున్నప్పుడు మాత్రం “ఇప్పుడెక్కడికి?” అని ప్రశ్న వచ్చేస్తుంది.

రాత్రి పూట వెతుకులాట

కంప్యూటరు పక్షాన చెప్పవలసిన మాటలు ఉన్నాయి. పాప పుట్టిన కొత్తలో నేను ఇంట్లో ఉండి పని చేయగలిగానంటే అది దాని పుణ్యమే. ప్రసవించిన తల్లికి 2017 సవరణ తరువాత చట్టం 26 వారాల సెలవు ఇస్తున్నది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే తండ్రికి కూడా 15 రోజులు ఉన్నాయి. ప్రైవేటు సంస్థలో తండ్రికి ఇంత సెలవు ఇవ్వాలని చెప్పే చట్టం మాత్రం మన దేశంలో లేదు, యజమాని దయ మీద ఆధారపడాలి. అలాంటప్పుడు ఇంటి నుంచి పని చేసే వీలు ఉండడం చిన్న సంగతి కాదు. ఒక చేత్తో పాపను భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమురుతూ, రెండో చేత్తో కోడు చదివిన రోజులు ఉన్నాయి. శ్రీకాకుళంలో ఉన్న మా మామగారు మంచం మీద నుంచి లేవలేని స్థితిలో కూడా మనవరాలిని రోజూ చూడగలుగుతున్నారంటే వీడియో కాల్ వల్లనే.

మొదటి రెండు వారాల్లో ఒక పట్టిక కూడా కంప్యూటరులో పెట్టుకున్నాం. ఎప్పుడు పాలు తాగింది, ఎన్నిసార్లు ఉచ్చ పోసింది అన్నవి అందులో రాసేవాళ్ళం. పుట్టిన బిడ్డ మొదటి వారంలో కొంత బరువు తగ్గి, రెండు వారాలకు మళ్ళీ పుట్టిన బరువుకు చేరుకుంటుంది. ఆ మధ్యకాలంలో పాలు చాలుతున్నాయా లేదా అన్నది తడిసిన గుడ్డలను బట్టే తెలుస్తుంది కాబట్టి డాక్టరు గారు అడిగితే చెప్పడానికి ఆ పట్టిక అక్కరకొచ్చింది. బరువు బాగా పెరుగుతోంది, ఇంక రాయనక్కరలేదని ఆవిడ చెప్పిన రోజునే దాన్ని ఆపేశాం. పనికొచ్చినంత కాలం వాడుకుని ఆపేయగలిగిన పని అది. అన్ని పనులూ అలా ఆగవు.

ఆగనిది వెతుకులాట. పాపకు రెండు నెలలు దాటిన తరువాత ఒకసారి వరసగా కొన్ని రోజులు విరేచనం కాలేదు. పగలు ఎవరికీ పెద్దగా దిగులు లేదు గాని, అర్ధరాత్రి దాటాక అందరూ పడుకున్న తరువాత నాకు దిగులు మొదలైంది. కంప్యూటరు తెరిచాను. మొదటి పేజీ మామూలే అన్నది. రెండో పేజీ ఆపరేషను దాకా వెళ్ళింది. మూడోది ఏవో చుక్కల మందు అమ్మజూపింది. ఒకదానికొకటి పొసగని సమాధానాలు ఎన్ని చదివితే అన్ని కొత్త అనుమానాలు పుట్టాయి. తెల్లవారేసరికి వెతికిన సమయం పోయింది, నిద్రా పోయింది, దిగులు మాత్రం అక్కడే ఉంది.

ఆ రోజు బుధవారం, పది వారాల టీకాకు పిలిచిన రోజు. ఆటోలో పట్టణ ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాం. అక్కడి ఏఎన్‌ఎం పాప పొట్ట మీద అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కి చూసి, పాలు బాగా తాగుతోందా, ఉచ్చ బాగా పోస్తోందా, అంతకు ముందు అయినప్పుడు మెత్తగా అయిందా అని మూడే ప్రశ్నలు అడిగింది. “తల్లిపాల పిల్లలకి ఇలాగే ఉంటాది బాబూ, గాబరా పడకండి. పొట్ట గట్టిపడినా, కక్కుళ్ళయినా అప్పుడు తీసుకురండి” అంది. నెలన్నర దాటి తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల్లో కొందరికి కొన్ని రోజులపాటు విరేచనం కాకపోవడం మామూలేనని రాత్రి మొదటి పేజీ చెప్పినది కూడా ఇదే మాట. తేడా ఎక్కడంటే, ఆమె అరచేతి కింద మా పాప పొట్ట ఉంది. తెరకు తెలిసినది పిల్లలందరి సంగతి, ఆమె చూసినది ఈ పిల్లను.

రాత్రి వెతుకులాట వల్ల ఎప్పుడూ ప్రయోజనం లేదని నేననను. జ్వరం ఎంత దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి అన్నటువంటి తెలియవలసిన విషయాలు వెంటనే తెలియాలి. అలాంటి నాలుగు విషయాలను డాక్టరు గారిని అడిగి, ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాం. ఆ కాగితం వచ్చాక రాత్రి కంప్యూటరు తెరవవలసిన నిజమైన అవసరం మాకు రాలేదు.

గతిలేక తొక్కిన కాలం

మావయ్య మాటలో ఇంకో పొర ఉంది, దాన్ని గౌరవించకుండా ముందుకు పోలేను. ఆయన షిప్‌యార్డులో పని చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో సగం కాలం మల్కాపురం నుంచి సైకిలు మీదే వెళ్ళారు. షిఫ్టు వదిలే వేళకు గేటులోంచి వందల సైకిళ్ళు ఒక్కసారిగా బయటికి వచ్చేవని ఆయనే చెబుతారు. హ్యాండిలుకు టిఫిను క్యారేజీ, ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి దాని మీద పిల్లాడు, అదే ఆ రోజుల్లో సంసారి సైకిలు. బారసాల తరువాత మరో రోజు వాళ్ళింట్లో కూర్చున్నప్పుడు, మీరూ తొక్కారు కదా మావయ్యా అని అడిగాను. “మేం గతిలేక తొక్కాం రా. నీకేం కర్మ?” అన్నారు.

ఆ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. ఆయనకు సైకిలంటే మండుటెండలో చెమట, అప్పు తీరని జీతం, స్కూటరు కొనుక్కున్న తోటివాడి ముందు పక్కకు తప్పుకోవడం. నాకు సైకిలంటే ఎన్నుకున్న వస్తువు. నేను ఇష్టపడి తొక్కగలుగుతున్నానంటే, కావలసినప్పుడు ఆటో పిలవగలిగిన స్థోమత నాకు ఉంది కాబట్టి, ఆ స్థోమత ఆయన బోటివారు కష్టపడి తొక్కడం వల్ల వచ్చింది కాబట్టి. అందుకని ఆయన ఎదుట సైకిలు గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వడం నాకు తగదనిపించి ఊరుకున్నాను.

కాని ఆయన మాటను ఒప్పుకుంటే తేలేది ఏమిటి? ఎదిగిన కుటుంబం సైకిలు దిగాలి, అంతే. 2011 జనగణనలో పనికి ఎలా వెళ్తున్నారని అడిగినప్పుడు, వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవారిలో సుమారు 13 శాతం మంది సైకిలు మీద అని చెప్పారు. మోటారు సైకిలు, స్కూటరు మీద వెళ్ళేవారి సంఖ్య కూడా అప్పటికి ఇంచుమించు అంతే. ఈ రోజుకీ పొద్దున్న ఆరింటికి కంచరపాలెం వైపో గాజువాక వైపో చూస్తే, కట్టుబడి పనివాళ్ళు, వాచ్‌మన్లు, హోటలు పనివాళ్ళు సైకిళ్ళ మీద కనిపిస్తారు. వాళ్ళూ తండ్రులే. వాళ్ళను ఎవరూ బిడ్డ పుట్టింది కదా సైకిలు మానేయమనరు. నాకు మాత్రం మానే హక్కు ఉంది కాబట్టి మానే బాధ్యత కూడా ఉందని అంటున్నారు. ఇందులో బిడ్డ క్షేమం కన్నా ఇంటి హోదా గురించిన ఆలోచన ఎక్కువని నాకు అనిపిస్తుంది. హోదా గురించి ఆలోచించడం తప్పని కాదు, దాన్ని బిడ్డ పేరున చెప్పకూడదంటున్నాను.

భయం మాట

బిడ్డ పేరున చెప్పదగిన అభ్యంతరం ఒకటి ఉంది, అది ప్రాణభయం. మా ఆవిడ నోట వచ్చిన అభ్యంతరం కూడా అదే. దీన్ని నేను అన్నిటికన్నా గట్టిగా పట్టించుకున్నాను.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 44 శాతానికి పైగా మోటారు ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు, 19 శాతానికి పైగా నడిచి వెళ్తున్నవారు. సైకిలు వారు మూడు శాతానికి అటూ ఇటూగా ఉన్నారు. ఈ అంకెలు చూపించి సైకిలే సురక్షితమని వాదించడం సులువు, కాని అది నిజాయితీ గల వాదన కాదు. సైకిళ్ళు తొక్కే దూరం మోటారు బళ్ళు తిరిగే దూరం కన్నా ఎంతో తక్కువ. కిలోమీటరుకు లెక్క కడితే సైకిలు వాడికి ముప్పు తక్కువని ఈ అంకెలు చెప్పవు. అవి చెప్పేదల్లా ఒకటే, సైకిలు మాని మోటారు సైకిలు ఎక్కితే బిడ్డకు తండ్రి క్షేమంగా మిగులుతాడన్న నమ్మకానికి ఆధారం లేదు. సలహా ఇచ్చిన వారిలో చాలామంది చెప్పినది కారు గాని, ఆచరణలో వాళ్ళు రోజూ తిరిగేది స్కూటరు మీద. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు హెల్మెట్ పెట్టాలని, నాలుగేళ్ళ లోపు వాళ్ళను నడిపేవారికి పట్టీతో కట్టాలని, బండి గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. సాయంత్రం ఇసుకతోట కూడలిలో నిలబడి చూస్తే, తల్లి ఒడిలో ఏ ఆధారమూ లేకుండా నిద్రపోతున్న చంటిపిల్లలు స్కూటర్ల మీద పోతూనే ఉంటారు. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడం లేదు, ఆటోకు డబ్బు లేని వాళ్ళు చాలామంది. మనకు అలవాటైన ప్రమాదం కంటికి కనబడదని మాత్రమే నా మాట.

కాబట్టి మేమిద్దరం కూర్చుని కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పాప రాత్రంతా ఏడ్చి, నాకు నిద్ర లేని మర్నాడు సైకిలు తీయను, సిటీ బస్సులో వెళ్తాను. నిద్ర చాలని మనిషికి వెనక వచ్చే బండి చప్పుడు ఆలస్యంగా చెవిన పడుతుంది, కొత్త తండ్రులకు అసలు ముప్పు ఇదేనని నా అభిప్రాయం. చీకటి పడ్డాక బీచ్ రోడ్డు తొక్కను. వాన కురిసినప్పుడు కొండ దిగేటప్పుడు సైకిలు దిగి నడిపించుకు వస్తాను. పాపను మాత్రం కనీసం ఏడాది నిండే వరకు సైకిలు మీద ఎక్కించే ప్రసక్తి లేదు. హెల్మెట్ బరువు మోసే సత్తువ పసి మెడకు ఆలోగా రాదని పిల్లల డాక్టర్లు చెబుతారు, ఏడాది నిండాక కూడా డాక్టరు గారిని అడిగిన తరువాతే. మా ఆవిడ భయం పూర్తిగా పోయిందని చెప్పలేను. నేను ఆఫీసు చేరగానే ఒక సందేశం పెడతాను, అది అందేదాకా తను ఫోను దగ్గరే ఉంచుకుంటుందని నాకు తెలుసు. ఆ భారం నా వాదనలో నష్టం వైపు ఉండవలసినదే.

ఆమె గంటలు

ఇంతవరకు నేను రాసినదంతా నా గంటల గురించే. మా ఆవిడ దీన్ని విని ఒక మాట అంది. “నువ్వు సైకిలు మానాలా, కంప్యూటరు మానాలా అని ఇంతమంది ఆలోచిస్తున్నారు. నేను ఏమేమి మానేశానో ఎవరైనా అడిగారా?” నేను ఆఫీసుకు వెళ్ళి వచ్చే దారిలో నాకు దొరికే ఆ కాసేపటి ఏకాంతాన్ని కూడా తన రోజుతో పోల్చి చూపించింది. నాకు పోనూ రానూ ఒక దారి ఉంది, ఆ దారిలో నన్ను ఎవరూ పిలవరు. రెండు గంటలకోసారి పాలివ్వవలసిన తనకు అటువంటి దారి ఏదీ లేదు.

నా వాదనకు ఎదురైన వాటిలో అన్నిటికన్నా బలమైనది ఇదేనని ఒప్పుకుంటాను. దీని ముందు సైకిలుకైనా కంప్యూటరుకైనా ఒకటే న్యాయం. నా అరగంట తన అరగంటలోంచి వస్తున్నదైతే అది వ్యాయామమైనా, ఫోటోలు సర్దడమైనా తేడా లేదు. అయితే ఈ న్యాయాన్ని పూర్తిగా పట్టుకుని చూసినప్పుడు కూడా ముందు వెళ్ళవలసినది కంప్యూటరేనని నాకు మరింత గట్టిగా అనిపించింది. సైకిలు గంటకు మొదలూ చివరా ఉంటాయి. ఇంత దూరం, ఇంత సేపు, ఇంటికి వచ్చాక అయిపోయింది. దాన్ని లెక్కగట్టి, దానికి సరిపడా గంట తనకు ఇవ్వవచ్చు. కంప్యూటరు గంటకు చివర ఉండదు, లెక్క దొరకదు, తిరిగి ఇవ్వడం కుదరదు. పైగా ఆ గంటలో నేను ఇంట్లోనే ఉన్నట్టు కనిపిస్తాను కాబట్టి తను సాయం అడగడానికి మొహమాటపడుతుంది. లేని మనిషి కోసం ఇంకో ఏర్పాటు చేసుకోవచ్చు, ఉండీ లేని మనిషికి ఏం ఏర్పాటు చేసుకుంటారు?

అందుకని ఇప్పుడు పొద్దున్న ఐదున్నర నుంచి ఆరున్నర దాకా పాప నాది. పాలు తాగించి నా చేతికి ఇచ్చి తను శివాజీ పార్కుకు నడకకు వెళ్తుంది. ఫోను ఇంట్లోనే వదిలి వెళ్తుంది. నేను ఆ గంటలో బాల్కనీలో చాప వేసి పాపను పడుకోబెట్టి సైకిలు చూసుకుంటాను. సముద్రం ఒడ్డున సైకిలు పెట్టుకున్నవారికి తెలుసు, ఉప్పుగాలికి వారం తుడవకపోతే చైను ఎర్రబడుతుంది, పుల్లలు రిమ్ములో దిగే చోట తుప్పు పొడి రాలుతుంది. పాత నూలు బట్టతో ఒక్కొక్క లింకూ తుడిచి, చుక్క నూనె వేసి, వెనక చక్రం తిప్పితే ఫ్రీవీలు టికటికమంటుంది. పాప ఆ శబ్దానికి కాళ్ళాడించడం ఆపి మెడ తిప్పుతుంది. చక్రం ఆగితే నా వైపు చూస్తుంది, మళ్ళీ తిప్పాలి. తరువాత సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటే గాని ఎత్తుకోను, అందుకు పట్టే సమయం కూడా ఆ గంటలోనిదే.

ఇదే గంటలో కంప్యూటరు తెరిచి పాప పక్కన కూర్చోవచ్చు కదా అంటే కుదరదు. రెండేళ్ళ లోపు పిల్లలకు దూరాన ఉన్న బంధువులతో వీడియో కాల్ తప్ప తెర చూపించవద్దని భారతీయ శిశువైద్యుల సంఘం చెబుతున్నది. వెలుగుతున్న తెరను ఏ పసిబిడ్డ పక్కన పెట్టినా కళ్ళు అటే పోతాయి. ఆ రెంటిలో ఒకటి బిడ్డ ఎదుట చేయదగిన పని, ఇంకొకటి బిడ్డకు కనబడకుండా చేయవలసిన పని. ఇంట్లో ఏ పని ఉండాలి, ఏది పోవాలి అని తేల్చడానికి నాకు ఇంతకన్నా స్పష్టమైన గుర్తు కనబడలేదు.

సమావేశం సంగతి

మిగిలినది ఆ అమెరికా సమావేశం. రాత్రి ఎనిమిదిన్నరకు మొదలవుతుంది, వాళ్ళకు అది పొద్దున్న పదకొండు. పసిపిల్లల సాయంత్రపు ఏడ్పులు ఆరు వారాల వయసులో ఉధృతంగా ఉండి నెమ్మదిగా తగ్గుతాయంటారు. మా పాపకు ఆ ఏడ్పు వేళ, సమావేశం వేళ ఒకటే అయ్యాయి. మూసిన తలుపు ఇవతల నేను మాట్లాడుతుంటే, అవతల మా ఆవిడా అత్తయ్యా చేతులు మార్చుకుంటూ తిప్పేవారు. దీన్ని కూడా పని అని వదిలేయడం నాకు న్యాయంగా తోచలేదు, ఎందుకంటే ఆ గంటలో నేను నోరు విప్పవలసిన సందర్భాలు చాలా తక్కువ.

మేనేజరును అడిగాను. వారంలో రెండు రోజులు హాజరవుతానని, మిగిలిన రోజుల్లో చెప్పవలసినది సాయంత్రం ఐదు లోపల రాసి పంపుతానని అన్నాను. మొదట వెనకాడాడు. రాసి పంపిన మొదటి వారం చూసి, ఇదే నయంగా ఉందని, మరో ఇద్దరిని కూడా అలా రాయమన్నాడు. నాతోపాటు ఇటీవలే తండ్రి అయిన ఒక తమ్ముడు ఇన్నాళ్ళూ అడగడానికి సంకోచించానని చెప్పాడు. సైకిలు మానమని ఇద్దరికీ ఇంట్లో చెప్పారు గాని, ఈ సమావేశం మానవచ్చునేమో అడిగి చూడమని ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

నవంబరులో అక్కడి గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, మాకు సమావేశం తొమ్మిదిన్నరకు పోతుంది. దాదాపు అదే సమయానికి మా ఆవిడ సెలవు ముగిసి తను ఉద్యోగంలో చేరాలి, అత్తయ్య మామగారి దగ్గరకు తిరిగి వెళ్ళాలి. అప్పుడు పొద్దుటి గంట ఎవరిది, పాపను పగలు ఎవరు చూస్తారు, మిగిలిన రెండు రోజుల సమావేశం కూడా వదులుకోవడానికి ఆఫీసులో ఒప్పుకుంటారా అన్నవి మళ్ళీ కూర్చుని తేల్చుకోవలసిన సంగతులు. కారు మాట మావయ్య మళ్ళీ ఎత్తారు. పాపను వానలో ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి, మామగారిని శ్రీకాకుళం నుంచి తీసుకురావడానికి కారు అవసరమని మాకూ తోస్తే కొనుక్కుంటాం మావయ్యా అన్నాను. అది కొన్నా సైకిలు అమ్మనని కూడా ఈసారి ఆయనతో చెప్పాను.